ఉలవ కట్టె మీద చివరి బండి

రాత్రి బండి తోలడమంటే నిద్ర ఆపుకోవడమే అనుకుంటారు కొత్తగా స్టీరింగు పట్టిన మీరు. టీ తాగి, మొహాన నీళ్ళు కొట్టుకొని, సెల్లులో పాటలు పెట్టుకుంటే గడిచిపోతుందని. నిద్ర మంచిది తమ్ముళ్ళూ. నిద్ర చెప్పి వస్తుంది. ఆవులింత వస్తుంది, మెడ వాలుతుంది, బండి పక్కకు పెట్టి కాసేపు పండుకుంటే పోతుంది. చెప్పకుండా వచ్చేది ఇంకొకటుంది. కండ్లు అబద్ధం చెప్పడం.

కల్వర్టు గోడ మనిషై లేచి నిలబడుతుంది. సర్కారు తుమ్మ నీడ రోడ్డుకడ్డం పరుగెత్తుతుంది. నిజంగా నల్ల బర్రె రోడ్డు మధ్యలో నిలబడి ఉంటే మాత్రం, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఎదురొచ్చే లారీవోడు ఆ తెల్లలైట్లు మొహాన కొట్టిపోయినాక కాసేపు రోడ్డే ఉండదు. ఉన్నట్టు ఊహించుకొని తోలాలి. నేను గిద్దలూరు పక్కనోణ్ణి. బతుకంతా బస్సు తోలి, ఇప్పుడు ఇంటి పట్టున కూర్చొని మనవడి సైకిలుకు గాలి కొడతా ఉండాను. దయ్యాన్ని చూసినావా తాతా అని అడుగుతాడు వాడు. రోజూ చూసినా రా, బ్రేకులు వేసీ వేసీ నా కుడికాలు అరిగింది అని చెప్తాను.

నాకు పని నేర్పిన పెద్ద డ్రైవరు ఒకాయన ఉండేవాడు. చెడ్డ నోరు. గేరు సరిగ్గా పడకపోతే వంశం మొత్తాన్ని పలకరించేవాడు. ఆయన నేర్పిన వాటిలో సగం మరిచిపోయినా గానీ ఒక మాట మాత్రం మిగిలింది. "ఒరే అబ్బీ, రాత్రిపూట అనుమానమొస్తే దిగి చూడు. దిగేదానికి నామోషీ పడినోడు డ్రైవరు కాదు, యముడికి కండక్టరు" అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. ఆయన పోయినాక కూడా డిపోలో ఆ మాట చెప్పుకొని నవ్వేవాళ్ళం.

ఇప్పుడు అసలు సంగతి. అప్పట్లో నాకు మార్కాపురం నుంచి గిద్దలూరుకు చివరి ట్రిప్పు పడేది. కంభం దాటినాక పెద్ద రోడ్డు వదిలి లోపలి పల్లెల్లో నుంచి పోయే బండి. నాతో కండక్టరుగా వచ్చే ఆడకూతురు ఆ పల్లెల్లోదే. చురుకైన మనిషి. చిల్లర కాడ ఎంత గట్టిగా ఉంటుందో, చంటిబిడ్డ తల్లికి సీటు ఇప్పించే కాడ అంతకంటే గట్టిగా ఉంటుంది. నన్ను అన్నా అంటుంది, నేను అమ్మీ అంటాను. రాత్రి ట్రిప్పు అయినాక గిద్దలూరులో పిన్నమ్మ ఇంట్లో ఉండి, పొద్దున్నే డ్యూటీకి ఎక్కేది.

ఆ పల్లెల్లో ఒక అలవాటుంది. మీలో చాలామందికి తెలిసిందే. చలికాలంలో ఉలవ కోసి, కాయలతో ఎండిన మొక్కల్ని, కట్టె అంటాం వాటిని, తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. కూలోళ్ళు దొరకరు, మిషను ఆ మెట్ట చెలకల్లోకి రాదు, బస్సు చక్రం ఊరికే వస్తుంది. మేం కూడా ముచ్చటగా తొక్కించేవాళ్ళం. రైతు రోడ్డు పక్కన నిలబడి "అబ్బీ, కొంచెం ఎడమకు తోలు, ఆ మూల నలగలే" అని చెయ్యి ఊపుతాడు. మనం తోలతాం. పోతా ఉంటే నెత్తిన చేతులు పెట్టి దణ్ణం పెడతాడు. బండి తోలేవోడికి అట్లాంటి దణ్ణం ఇంకెవరు పెడతారు? మా ఆఫీసరు పెడతాడా?

మా కండక్టరమ్మ వాళ్ళ నాయన కూడా ఊరి బయట అట్లనే పరిచేవాడు. చివరి బండి తొక్కిపోతే ఆ పూటకు పని అయినట్టే. ఆ తర్వాత తెల్లారిందాకా ఆ దారిన పెద్ద బండ్లు రావు. కట్టె దగ్గర పడగానే ఆమె ఎనక నుంచి, "అన్నా, మా నాయన కట్టె, బాగా తొక్కించు" అని గంట తాడు రెండుసార్లు లాగేది. రెండు గంటలంటే పో అని కదా. జనం నవ్వేవాళ్ళు. కండక్టరు సొంత పంటకు సర్కారు బస్సు వాడతా ఉందని ఎగతాళి. నేనూ నవ్వేవాణ్ణి.

ఆ రోజు నేను డ్యూటీకి రావాల్సింది కాదు. ముందు రాత్రంతా హైదరాబాదు బండి తోలి పొద్దున దిగినాను. ఇంటికిపోయి పండుకుందామంటే పక్కింట్లో పెండ్లి. మైకు సరిగ్గా నా కిటికీకే కట్టినారు. దిండు చెవులకు పెట్టుకొని దొర్లినానే గానీ కన్ను మూతపడలేదు. సాయంత్రం డిపో నుంచి ఫోను. చివరి ట్రిప్పు డ్రైవరుకు జ్వరం, "ఒక్క ట్రిప్పేలే అన్నా, నీ చేతిలో పని" అన్నారు. ఆ నీ చేతిలో పని అనే మాట ఉంది చూడండి, మా డిపోలో ఎంతమంది నడుములు విరిచిందో చెప్పలేను.

మార్కాపురం దాటినప్పటి నుంచే కండ్లు మొదలుపెట్టినాయి. ఒక మలుపు కాడ ఎవరో ముసలామె చెయ్యెత్తి రోడ్డు మధ్యలోకి వచ్చినట్టు కనపడి సడన్ బ్రేకు వేసినాను. చూస్తే మైలురాయి. దానికెవరో ఎర్రగుడ్డ కట్టినారు. ఎనక ఒక పెద్దమ్మ గంపతో సహా ముందు సీటు కమ్మికి గుద్దుకుంది. "ఏందయ్యా, మమ్మల్ని ఇంటికి తీసకపోతావా, ఆస్పత్రికి తీసకపోతావా?" అని తిట్టింది.  కంభం దాటినాక మళ్ళీ ఒకసారి. ఈసారి కుక్క అడ్డమొచ్చిందనిపించింది. కుక్కా లేదు, నక్కా లేదు. ఎనక సీట్లో ఒక ఆసామి లేచి నిలబడి, "డ్రైవరన్నా, గాలికి కూడా బ్రేకు వేస్తావా ఏంది?" అన్నాడు. బండంతా నవ్వింది.

మా కండక్టరమ్మ నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "అన్నా, ఒంట్లో బాగుందా? కాసేపు ఆపి టీ తాగుదామా?"

"ఏం లేదులే అమ్మీ. కండ్లు మసకేస్తా ఉన్నాయి, అంతే" అన్నాను. అన్నానే గానీ లోపల రోషం పుట్టింది. ఇంతకాలం తోలినోణ్ణి, నన్ను చూసి నవ్వుతారా? ఇంక లేనిదానికి బ్రేకు వెయ్యకూడదు అనుకున్నాను. గట్టిగా అనుకున్నాను.

అంతలో గొర్రెల మంద అడ్డమొచ్చింది. ఈసారి నిజం గొర్రెలే. మేత కోసం ఊరు మారే మంద. వందల కండ్లు లైట్లకు నిప్పు కణికల్లా మెరుస్తా ఉన్నాయి. కాపరి ముందు నడుస్తా, "నిదానం మామా, ఈనిన గొర్రెలున్నాయి" అని కేకేసినాడు. ఆ మంద దాటేదాకా బండి ఆపినాను. చానాసేపు పట్టింది. ఆ ఆలస్యం ఏం చేసిందో తర్వాత తెలిసింది.

మంద దాటినాక కొంతదూరం పోయినామో లేదో, ఎదురుగా లారీ. ఆ దారిలో ఎప్పుడూ లారీ చూసింది లేదు. ఎవరిదో ఇటుకల లోడు, దారి తప్పి వచ్చినట్టుంది. పైన కింద అన్నీ తెల్లలైట్లే. డిమ్ము కొట్టమని నేను లైట్లు ఆర్పి వెలిగించినా వినలేదు, సూటిగా కండ్లల్లోకి కొట్టి పోయినాడు. నాకు లోకమంతా తెల్లగా అయి, మళ్ళా నల్లగా అయింది. స్టీరింగు పట్టుకొని, రోడ్డు ఎక్కడుందో గుర్తు పెట్టుకొని పోతా ఉండాను. అట్ల నత్తనడకన చానా దూరం పోయినాక చూపు కుదురుకుంది, చూస్తే ఎదురుగా ఉలవ కట్టె. మా కండక్టరమ్మ వాళ్ళ ఊరొచ్చింది.

కట్టె కదిలింది.

గాలికి కదిలినట్టు లేదు. ఒకచోట మాత్రం లేచి, మళ్ళా పడింది. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బండి కట్టెకు ఇవతలే ఆగింది. ఎనక నుంచి కేకలు మొదలు. "మళ్ళీ వేసినాడ్రా!" "ఈసారి ఏం కనపడిందంట, ఏనుగా?" చూసినాను. కట్టె కదలడం లేదు. మామూలు కట్టె. రోజూ తొక్కే కట్టె.

ఎనక నుంచి ఆమె గొంతు వినపడింది. "మా నాయన కట్టెనే అన్నా! తోలు! ఏం లేదక్కడ!" గంట మోగింది. రెండు గంటలు.

గంట విన్నాక డ్రైవరు కాలు ఏం చేస్తుంది? కదులుతుంది. ఫస్టు గేరు వేసి క్లచ్చు వదిలినాను. ముందు చక్రం కట్టె మీదికి ఎక్కింది. కాయలు పటపటమన్నాయి. అప్పుడు మళ్ళా కనపడింది, సరిగ్గా నా ముందు చక్రానికి అవతల, కట్టె పైకి లేచినట్టు. నా చూపును నేనే నమ్మలేదు, ఒట్టు. కండ్లే మోసం చేస్తా ఉన్నాయి అనుకున్నాను. అయినా బ్రేకు తొక్కినాను. ఆ చెడ్డనోటి పెద్ద డ్రైవరు చెవిలో కూర్చున్నట్టే అనిపించింది. హ్యాండు బ్రేకు లాగి, తలుపు తీసుకొని దిగినాను.

దిగేటప్పుడు ఎంత నామోషీ అనిపించిందో చెప్పలేను. ఎనకనున్న ఆసామి, "రేయ్, డ్రైవరు గాల్ని పట్టుకొచ్చేదానికి పోతా ఉన్నాడు" అంటా ఉన్నాడు. మా కండక్టరమ్మ కూడా నవ్వుకుంటా దిగింది, సెల్లు లైటు వేసుకొని. "ఏందన్నా, మా ఉలవల మీద నీకు ఇంత అనుమానం?"

నేను వంగి చక్రం ముందరి కట్టె పక్కకు లాగినాను. చేతికి గొంగడి తగిలింది. ఉన్ని గొంగడి, మందంగా, వెచ్చగా. లాగితే రాలేదు. దాని అంచు చక్రం కింద ఉంది. ఇంకొంచెం గట్టిగా లాగినాను.

"ఎవర్రా నా గొంగడి లాగేది?" అని కట్టెలో నుంచి గొంతు.

నా పై ప్రాణాలు పైనే పోయినాయి. అక్కడే కూలబడినాను. కట్టెలో నుంచి తుండుగుడ్డ చుట్టుకున్న తల ఒకటి బయటికి వచ్చి, సెల్లు లైటుకు కండ్లు చిట్లించి చూసింది. ఆ తలకూ చక్రానికీ మధ్య నా చెయ్యి జాన చాచి పెట్టినాను, ఎందుకు పెట్టినానో నాకే తెలియదు. చెయ్యి రెండు వైపులా ఆనింది.

మా కండక్టరమ్మ అరవలేదు. "నాయనా" అనింది, అంతే. టికెట్ల మిషను చేతిలో నుంచి జారి రోడ్డు మీద పడింది. బండిలో జనం ఒక్కసారిగా కిందికి దూకినారు. నన్ను ఎగతాళి చేసిన ఆసామి ముందుకొచ్చి చూసి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. గంప పెద్దమ్మ, "ఓరి దేవుడా, ఓరి దేవుడా" అనుకుంటా నా తల నిమిరింది. ఇందాక నన్ను తిట్టినామే.

జరిగింది ఇది. చలికాలంలో కూడా తారు రోడ్డు పగలు ఎండకు కాగి రాత్రికి వెచ్చగా ఉంటుంది. ఆ పెద్దాయన రోజూ చివరి బండి తొక్కిపోయేదాకా చెలక గట్టు మీద కూర్చొని, బండి పోయినాక అడవిపందులు రాకుండా కట్టె కాపలాకని రోడ్డు మీదికొచ్చి, గొంగడి కప్పుకొని, పైన కట్టె ఇంత లాక్కొని పండుకునేవాడు. పరుపుకంటే సుఖమంట. ఆయనకు చెవులు మందం. ఆ రాత్రి గట్టు మీద కునికిపాట్లు పడతా ఉండి, ఇటుకల లారీ పోయినప్పుడు నేల అదిరితే, మన బండే పోయిందిలే అనుకొని వచ్చి పండుకున్నాడు. మేము గొర్రెల కాడ ఆగి ఉన్నామని ఆయనకేం తెలుసు? రోజూ అట్ల పండుకుంటాడని ఆమెకు కూడా తెలియదు. ఆమె గిద్దలూరులో ఉంటుంది కదా.

ఆయన మాత్రం నిబ్బరంగా, "గొంగడి చినుగుతుంది అబ్బీ, మెల్లగా ఎనక్కి తియ్యి" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చినాయి. బండి ఎక్కి ఎనక్కి తీసినాను.  ఆసామి కిందనే నిలబడి, "నిదానం అన్నా, ఇంకొంచెం, ఇంకొంచెం" అని దారి చూపించినాడు. 

తర్వాత గిద్దలూరు దాకా  నేను ఎడ్లబండి కంటే నిదానంగా తోలినాను, ఒక్కరు కూడా ఆలస్యమైందనలేదు. డిపోలో మాత్రం ఎందుకింత లేటు అని అడిగినారు. చెప్పినాను. విని, "మంచిపని చేసినావు, భూమ్మీద నూకలున్నాయి ఆయనకు" అని, రిజిస్టరులో లేటు రాసుకున్నారు. మా కండక్టరమ్మ లెక్క అప్పజెప్పి పోయింది. నా మొహం చూడలేదు.   ఆ రాత్రి పక్కింట్లో మైకు ఆగిపోయింది, అయినా నిద్ర రాలేదు. కండ్లు మూస్తే చాలు, చేతికి ఆ గొంగడి వెచ్చగా తగిలేది. ఇప్పటికీ ఒక్కోసారి తగులుతుంది తమ్ముళ్ళూ. అందుకే చెప్తా ఉండా. నవ్వేవాళ్ళు ఊరి కాడ దిగిపోతారు. స్టీరింగు పట్టుకున్నోడు దిగడు, బతికినంతకాలం.

మరుసటి రోజు ఆమె, నేను పగటి ట్రిప్పుకు పడినాం. ఎండ ఉండగానే ఆ ఊరికొచ్చినాం. రోడ్డు మీద మళ్ళా ఉలవ కట్టె! ఆ పెద్దాయన పక్కనే నిలబడి, రా రా అని చెయ్యి ఊపుతా ఉన్నాడు.  కట్టెకు చానా దూరంలోనే ఆపేసినాను.

ఆమె సంచీ భుజాన ఉండగానే దిగిపోయింది. పోయి, రోడ్డు మీది కట్టె రెండు చేతులా వాటేసుకొని పక్క చెలకలోకి విసిరేయడం మొదలుపెట్టింది.

"ఏందే అమ్మీ, పిచ్చి పట్టిందా?" అని ఆయన పరుగెత్తినాడు. "కాయలింకా పగల్లేదు. బండిని రానీ!"

ఆమె ఇంకో మోపు ఎత్తి విసిరింది. ఆయన నా వైపు తిరిగినాడు. "నువ్వన్నా చెప్పు అబ్బీ. రాత్రి అక్కడ పండుకున్నది నా తప్పే, లెంపలేసుకుంటా. ఇంకెప్పుడూ పండుకోను. అంతమాత్రానికి పంట పారబోస్తుందా? నువ్వు దేవుని మాదిరి దిగి చూసినావు..."

"అన్న దిగకముందు గంట కొట్టిందెవరు నాయనా?" అనింది ఆమె.

ఆయనకు వినపడలేదేమో అనుకున్నాను. ఆమె దగ్గరికొచ్చి, ఆయన చెవి కాడ గట్టిగా చెప్పింది. "బండి ముందే ఆగింది. నేను రెండు గంటలు కొట్టినా. తోలు, మా నాయన కట్టెనే, ఏం లేదక్కడ అని అరిచినా. ఈ నోటితోనే అరిచినా నాయనా."

ఆయన నా మొహం చూసినాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను. అంతటితో ఆయనకు అర్థమైంది.  బండిలో జనం కిటికీల్లో నుంచి చూస్తా ఉన్నారు. ఆమె మళ్ళా కట్టె ఎత్తుకోబోతే ఆయన అడ్డమొచ్చి, ఆమె చేతుల్లోది తీసుకున్నాడు.

"ఇడువు తల్లీ, చేతులు గీసుకుంటాయి" అన్నాడు. రోడ్డంతా తానే ఖాళీ చేసినాడు. మేం దిగి సాయం పోతే కూడా వద్దన్నాడు.

ఆమె బండెక్కి గంట తాడు పట్టుకుంది. లాగలేదు. నేను అద్దంలో చూస్తా కూర్చున్నాను, ఇంజను నడుస్తా ఉంది. తాడు మీద చెయ్యి అట్లనే ఉంది. కింద ఆయనకు సంగతి తెలిసిపోయింది. రోడ్డు దిగి, చెలక గట్టు ఎక్కి, బండికి బాగా ఎడంగా నిలబడి కేకేసినాడు.

"అమ్మీ, నేను పక్కనే నిలబడినా. కనపడతా ఉండానా?"

"కనపడతా ఉండావు నాయనా" అనింది ఆమె.

అప్పుడు కొట్టింది గంట.